మగపిల్లలకు నెలసరి సంగతి మొదట ఎవరు చెప్పారు? మీకెలా తెలిసింది?

సుధ (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా బాబు నాలుగో తరగతి. మొన్న సరుకులకు వెళ్లినప్పుడు నేను ప్యాడ్స్ ప్యాకెట్ బుట్టలో వేసుకుంటే, "అమ్మా, మనింట్లో చిన్నపిల్లలు లేరు కదా, డైపర్లు ఎవరికి?" అని గట్టిగా అడిగాడు. పక్కనున్నావిడ మొహం తిప్పుకుంది. మావారు "నీకెందుకురా అవన్నీ, పద" అని వాడి చెయ్యి పట్టుకుని బిస్కెట్ల వైపు లాక్కెళ్లిపోయారు. ఇంటికొచ్చాక వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నా బాధంతా అదే. బల్లి తోక ఎందుకు ఊడుతుంది దగ్గర్నుంచి అన్నీ వెంటపడి అడిగే పిల్లాడు, ఇది మాత్రం అడగకూడదని అక్కడికక్కడే నేర్చేసుకున్నాడు.

రాత్రి మావారిని అడిగాను, మీకెప్పుడు తెలిసిందని. "పెళ్లయ్యాక నువ్వు చెబితేనే సరిగ్గా తెలిసింది" అన్నారు. డిగ్రీ చదువుకున్న మనిషి, ఇద్దరు అక్కల తమ్ముడు.

అందుకే ఇక్కడి మగవాళ్లను అడుగుతున్నాను. మీకు ఎలా తెలిసింది? ఆడవాళ్లు కూడా చెప్పండి, మీ కొడుకులకు ఏ వయసులో, ఏ మాటల్లో చెప్పారు? తొమ్మిదేళ్ల పిల్లాడికి చెప్పొచ్చా?

రామచంద్రం (తెనాలి)

అమ్మా సుధా, నాది పాతకాలపు సంగతి, అయినా రాస్తున్నాను.

మా ఇంట్లో అమ్మ నెలకు మూడు రోజులు వెనక వసారాలో ఉండేది. ఒక చాప, ఒక చెంబు, పాత కంబళి. ఏమైందని అడిగితే "కాకి ముట్టింది" అనేది బామ్మ. నాకు ఆ కాకి మీద ఎంత కోపమంటే, పెరట్లో ఏ కాకి వాలినా రాయి పుచ్చుకుని వెంటపడేవాణ్ని. అదొక్కటి రాకుండా చేస్తే అమ్మ లోపలికి వచ్చేస్తుందని నా నమ్మకం.

అమ్మ దగ్గరకు వెళ్తానని ఏడిస్తే బామ్మ ఒక ఉపాయం చెప్పేది. "నిక్కరు విప్పేసి వెళ్లరా, ఒంటి మీద గుడ్డ లేకపోతే మైల అంటదు." చొక్కా, నిక్కరు విప్పి గడప ఇవతల పడేసి పరుగెత్తుకెళ్లి అమ్మ ఒళ్లో పడుకునేవాణ్ని. అమ్మ నా వీపు నిమిరేది గానీ ఏమీ చెప్పేది కాదు. కాస్త పెద్దయ్యాక ఆ ఉపాయం కూడా లేదు. పొరపాటున తగిలితే నూతి దగ్గర తలమీద నుంచి నీళ్లు.

నాకు మొదట తెలిసింది ఇదీ. రక్తం అనే మాటే లేదు. అమ్మలో ఏదో ఉంది, అది నాకు అంటుకుంటుంది, అంతే. రక్తం సంగతి ఇంటర్‌లో జంతుశాస్త్రం పుస్తకంలో చదివాను. ఆ పుస్తకంలో ఉన్నదీ మా అమ్మ వసారాలో కూర్చోవడమూ ఒకటేనని బుర్రకెక్కడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మీ అబ్బాయికి తొమ్మిదేళ్లకు చెబితే తొందరేమీ కాదమ్మా. మాకు అయిదేళ్లకే చెప్పారు, తప్పుగా చెప్పారు.

సలీం (కర్నూలు)

రామచంద్రం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా ఇంట్లో ఇది ఇంకో దారిలో తెలిసింది.

రంజాన్ నెల. అమ్మీ మాతో పాటే సహరీకి, అంటే తెల్లవారకముందు తినే భోజనానికి లేచేది, అందరికీ వడ్డించేది. ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలారు. ఇంటికొస్తే అమ్మీ వంటింటి తలుపు వెనక నిలబడి గబగబా అన్నం తింటోంది. నన్ను చూసి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నేను వెళ్లి అబ్బాకు చెప్పాను, అమ్మీ రోజా (ఉపవాసం) వదిలేసిందని. అబ్బా పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. తర్వాత ఖాలా నన్ను పక్కకు పిలిచి, "ఆడవాళ్లకు నెలలో కొన్ని రోజులు నమాజూ రోజా ఉండవు బేటా, విడిచిన రోజాలు తర్వాత లెక్కపెట్టి తీర్చుకుంటారు" అంది. ఎందుకని అడిగితే "పెద్దయ్యాక తెలుస్తుంది" అంది.

ఆ రోజుల్లో తినమని మతమే చెప్పింది. సిగ్గుపడాల్సిందేమీ లేదు. అయినా సొంత కొడుకులకు కనపడకుండా తలుపు వెనక తినాలి. ఇప్పుడు మా ఇంట్లో నా భార్య రంజాన్‌లో అలాంటి రోజున బల్ల దగ్గర కూర్చునే భోంచేస్తుంది. మావాడు అయిదో తరగతి. "అమ్మీకి ఈ వారం రోజా లేదు" అని మామూలుగా అంటాడు, కారణం వాడికి తెలుసు. మొదట్లో మా అమ్మకు కష్టంగా ఉండేది, ఇప్పుడు ఏమీ అనదు.

సీమబిడ్డ (మదనపల్లె)

మాకు చెప్పలేదు గానీ ఊరందరికీ చెప్పారు! నాకు పదేళ్లప్పుడు మా అక్క పెద్దమనిషి అయింది. ఇంటి ముందు మా మేనమామ పచ్చికొమ్మలతో గుడిసె వేశాడు. అక్కను అందులో కూర్చోబెట్టారు. రోజూ ఎవరో ఒకరు నువ్వులూ బెల్లం ఉండలు, పులగం, నెయ్యి తెచ్చేవాళ్లు. తర్వాత మంగళస్నానం, పట్టుచీర, షామియానా, వీడియో. ఇప్పుడైతే బజారు మలుపులో అమ్మాయి ఫొటోతో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు.

నేను భోజనాల దగ్గర నీళ్ల గ్లాసులు పెట్టాను. ఏం పండగ అని మా చిన్నాన్నను అడిగితే "మీ అక్క పెద్దదైందిరా" అన్నాడు. నిన్నటికీ ఇవాళ్టికీ అక్క ఒక్క అంగుళం కూడా పెరగలేదు. గుడిసెలోకి వెళ్లి అక్కనే అడిగాను. అక్క ఏడ్చింది. ఎందుకేడ్చిందో నాకు తెలియదు, ఏడిపించానని నన్ను అమ్మ కొట్టింది.

వందలమందిని పిలిచి భోజనం పెట్టే ధైర్యం ఉన్న ఇంట్లో పక్కనే ఉన్న తమ్ముడికి నాలుగు మాటలు చెప్పే ధైర్యం ఎందుకు లేదనేది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఫంక్షన్ అయ్యాక అక్క నాతో గోళీలాట మానేసింది. నా మీద అలిగిందనుకున్నాను.

శీను మెడికల్స్ (వరంగల్)

మా షాపులో రోజూ చూసేది రాస్తా. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను తల్లులు చీటీ ఇచ్చి పంపుతరు. పిల్లగాడు చీటీ చదవడు, మడిచినది మడిచినట్టే నా చేతిలో పెడతడు. నేను ప్యాకెట్ పేపర్లో చుట్టి నల్ల కవర్లో వేసి ఇస్తా. దగ్గుమందుకు తెల్ల కవర్, దీనికి నల్ల కవర్. ఆ పిల్లగాడికి ఇందులో ఉన్నదేంటో చెప్పేవాళ్లు లేకున్నా, దాచాల్సిన వస్తువని నల్ల కవరే చెబుతుంది.

2018 జులైలో ప్యాడ్ల మీదున్న 12 శాతం జీఎస్టీ తీసేసినప్పుడు పేపర్లలో, టీవీల్లో బాగా వచ్చింది. అప్పుడు మగవాళ్లు కూడా కౌంటర్ దగ్గర నిలబడి "ధర తగ్గిందా?" అని పైకే అడిగిన్రు. అంతకుముందు నేను అట్ల విన్నది లేదు. ఇప్పుడు నేను పేపర్లో చుట్టడం మానేసిన, ఎవరన్నా అడిగితేనే చుడుతున్న. అడిగేవాళ్లే ఎక్కువ.

శారదమ్మ (రాజమండ్రి)

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

చిన్నపిల్లాడికి ఇవన్నీ ఎందుకమ్మా? వాడి మనసులో లేనిపోనివి పెట్టినట్టు కాదూ? మా అబ్బాయిలిద్దరికీ నేను ఏమీ చెప్పలేదు. పెళ్లిళ్లు చేసుకున్నారు, భార్యలను బాగానే చూసుకుంటున్నారు. ఏ వయసులో తెలియాల్సింది ఆ వయసులో తెలుస్తుంది. ఇంకో మాట. మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టడం అంటే అందరూ తిట్టడమే. అప్పట్లో ఉమ్మడి కుటుంబాల్లో ఆడమనిషికి నడుం వాల్చే వీలు ఆ మూడు రోజులే దొరికేది. దాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు.

ఆర్మూర్ ఆడబిడ్డ

శారదమ్మ గారూ, మీ వయసుకు నమస్కారం. మీ ఇంట్లో విశ్రాంతి దొరికిందేమో, మా ఇంట్లో దొరకలేదు. మాది పసుపు పండించే ఇల్లు. మా అమ్మ ఆ మూడు రోజులు ఇంట్లోకి రాకూడదు, పొలానికి మాత్రం పోవాలి. పొద్దంతా పసుపు తవ్వుడు, రాత్రి పశువుల కొట్టం పక్కన పడక. నాకూ అదే అయింది. మా తమ్ముడికి ఆరేళ్లు. నాకు అన్నం పెట్టే పని వాడిది. పళ్లెం నేల మీద పెట్టి నేను వెనక్కి జరగాలి, వాడు వచ్చి పైనుంచి అన్నం జారవిడవాలి. వాడికి అది ఆటలాగుండేది, ఒక్క మెతుకు కింద పడకుండా వేసేవాడు. అక్కకు దూరం నుంచే అన్నం వేయాలని ఆరేళ్లకు నేర్పొచ్చు గానీ, అక్కకు కడుపులో నొప్పి ఉంటుందని నేర్పకూడదా?

మడకశిర వైపు గొల్లహట్టుల్లో, అంటే గొల్లల వాడల్లో, ఆడవాళ్లు ఆ రోజులు ఊరి బయట గడపాల్సి వస్తోందని ఈ మధ్య దాకా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అక్కడ పెరిగే మగపిల్లలు మొదట నేర్చుకునే పాఠం ఏమిటో ఆలోచించండి.

ప్రత్యూష, స్టాఫ్ నర్సు (విశాఖ)

సుధ గారూ, తొమ్మిదేళ్లకు చెప్పొచ్చు. అమ్మాయిల్లో ఎక్కువమందికి పన్నెండు, పదమూడేళ్ల మధ్య మొదలవుతుంది, కొందరికి తొమ్మిది, పదేళ్లకే. అంటే మీ బాబు పక్క బెంచీ పిల్లకు వచ్చే ఏడాదే రావచ్చు.

నేను మా ఇద్దరు మగపిల్లలకు చెప్పిన మాటలు ఇవి. "ఆడవాళ్ల పొట్టలో గర్భసంచి ఉంటుంది. పాపాయి వస్తే పడుకోవడానికి అది నెలనెలా లోపల మెత్తగా సిద్ధం చేసి పెడుతుంది, చుట్టాలు వస్తున్నారంటే మనం పరుపు వేసినట్టు. పాపాయి రాకపోతే ఆ పొర అక్కర్లేదు, కొంచెం రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది. అది దెబ్బ కాదు, జబ్బు కాదు. బట్టలకు అంటకుండా ఈ ప్యాడ్ పెట్టుకుంటాం." ఇంతే. పాపాయి ఎలా వస్తుందని అడిగితే దానికి వేరే రోజు వేరే జవాబు చెప్పాను. ఒకేసారి అంతా చెప్పెయ్యక్కర్లేదు. మీ బాబు మళ్లీ అడగడం లేదు కాబట్టి మీరే ఎత్తండి. ప్యాకెట్ వాడి చేతికిచ్చి "ఆ రోజు అడిగావు కదా" అనండి చాలు.

శారదమ్మ గారూ, తెలియకపోతే ఏమవుతుందో ఒక్కటి చెబుతాను. 2023 మేలో మహారాష్ట్రలోని ఉల్హాస్‌నగర్‌లో పన్నెండేళ్ల పిల్లకు మొదటిసారి నెలసరి వచ్చింది. బట్టల మీద రక్తం చూసి, ఆ పిల్ల ఎవరితోనో తప్పు చేసిందని సొంత అన్నే అనుకున్నాడు. ఏమైందో ఆ పిల్ల చెప్పలేకపోయింది, తనకే తెలియదు. కొట్టి కొట్టి చంపేశాడు. ఆ ఇంట్లో అన్నకు ఒక్క పది నిమిషాలు ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్ల ఇప్పుడు బతికి ఉండేది. ఆసుపత్రి ఉద్యోగంలో చాలా చూశాను గానీ ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

శారదమ్మ (రాజమండ్రి)

అమ్మా ప్రత్యూషా, ఆ సంగతి నాకు తెలియదు. చదివాక మనసు పాడైపోయింది. ఆ తల్లి ఎక్కడుందో ఏమో.

కౌశిక్ (హైదరాబాద్)

నేను బీటెక్ మూడో సంవత్సరం. మా తరం వాళ్లకు తెలుసులే అనుకుంటున్నారేమో, అదేం లేదు. నాకు మొదట తెలిసింది ఇంటర్ కోచింగ్ హాస్టల్లో. ఎవడైనా చిరాకు పడితే "ఏంట్రా, డేట్ వచ్చిందా?" అనేవారు. అలా అంటే ఏంటో తెలియకుండానే నవ్వేవాళ్లు. తర్వాత ఫోన్లో వీడియోలు, వాట్సాప్ జోకులు. పీరియడ్ అంటే నెలకు ఒక్క రోజు వస్తుందని, ఆడవాళ్లు కావాలంటే ఆపుకోగలరని అనుకునే రూమ్మేట్లు నాకున్నారు. జేఈఈ ర్యాంకులు వచ్చినవాళ్లు.

ఇంకో విషయం ఎవరూ రాయలేదు. మాకు మా ఒంటి గురించి కూడా ఎవరూ చెప్పలేదు. పదమూడేళ్లకు ఒక రాత్రి నిద్రలో బట్టలు తడిస్తే ఏదో రోగం వచ్చిందనుకున్నా. బస్టాండ్ల పక్కన గోడల మీద గుప్తరోగాలు, నరాల బలహీనత అని ఉంటాయి చూడండి, అవి చదివి భయపడి చాలా నెలలు టెన్షన్ పడ్డా. నాన్నను అడగాలంటే భయం, అమ్మను అడగాలంటే సిగ్గు. అబ్బాయికి తన ఒంట్లో వచ్చే మార్పుల గురించి చెప్పే రోజే అమ్మాయిల సంగతి కూడా చెబితే రెండూ మామూలు విషయాలుగానే ఉంటాయి కదా.

జీవశాస్త్రం పంతులు (విజయనగరం జిల్లా)

కౌశిక్, నువ్వు చెప్పిందే నేను బడిలో చేసేది. జెడ్పీ హైస్కూల్లో చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం ఉంది, పదిలో ప్రత్యుత్పత్తి ఉంది. పుస్తకంలో లేదని ఎవరూ అనలేరు. జరిగేది ఏమిటంటే, ఆ పాఠం రాగానే "ఇది మీరే చదువుకోండి, పరీక్షలో బొమ్మ వస్తుంది" అంటారు. లేదా ఆడపిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి మేడమ్ చెబుతారు, మగపిల్లలను ఆటలకు వదిలేస్తారు. 2021 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో స్వేచ్ఛ పథకం మొదలై ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మా బడిలో మగపిల్లలు కిటికీ దగ్గర మూగారు. "వాళ్లకేనా సార్, మాకు లేవా? ఏంటవి?" మంచి ప్రశ్న. అది పట్టుకునే ఆ సంవత్సరం పాఠం మొదలుపెట్టాను.

ఇద్దరినీ కలిపే కూర్చోబెడతాను, పక్కన మా లెక్కల మేడమ్ ఉంటారు. ముందు రోజు అందరికీ తలా ఒక చీటీ ఇస్తాను. పేరు రాయొద్దు, ప్రశ్న రాసి సుద్దముక్కల డబ్బాలో వేయమంటాను. అందరూ ఏదో ఒకటి రాసి వెయ్యాల్సిందే కాబట్టి ఎవరు ఏమి అడిగారో తెలియదు. మగపిల్లల చీటీల్లో వచ్చిన ప్రశ్నలు కొన్ని: రక్తమంతా పోతే చచ్చిపోరా? మూత్రంలాగా ఆపుకోవచ్చా? రాత్రి పడుకుంటే ఆగుతుందా? ముట్టుకుంటే ఆవకాయ బూజు పడుతుందా? మా కుక్కకు కూడా వచ్చింది, అదీ ఇదీ ఒకటేనా?

మొదటి ప్రశ్నకు నోటితో చెబితే సరిపోదు. ల్యాబ్‌లోని కొలజాడీలో ఎర్ర రంగు నీళ్లు నలభై మిల్లీలీటర్లు పోసి చూపిస్తాను. ఒక నెలసరి మొత్తానికి పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. 80 దాటితే ఎక్కువైనట్టు, డాక్టరుకు చూపించాలి. ఆ నీళ్లను కొంచెం కొంచెంగా ప్యాడ్ మీద పోయిస్తాను, పిల్లల చేతే. టీవీ ప్రకటనల్లో నీలం నీళ్లు చూసీ చూసీ, వచ్చేది నీలంగానే ఉంటుందనుకున్న పిల్లలు నాకు తగిలారు. అందుకే ఎరుపు. నీళ్లు పోసిన కుర్రాడు ఒకసారి "ఇంతేనా సార్?" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి "ఇంతే గానీ నొప్పి దీంట్లో కనపడదు సార్" అంది. ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన దానికంటే నేను ఎక్కువేమీ చెప్పలేదు. గర్భసంచి కండరాలు బిగుసుకుని ఆ పొరను బయటికి నెడతాయి, ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు ఆ పని చేయిస్తాయి, నొప్పి అందుకే అని మాత్రం కలిపాను.

ఆపుకోలేరు. మూత్రం దారి వేరు, ఇది వచ్చే దారి వేరు, బిగించి పట్టుకునే కండరం దీనికి లేదు. రాత్రి కూడా వస్తుంది. రెండు నుంచి ఏడు రోజుల దాకా ఉండొచ్చు. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజులకోసారి, కొత్తగా మొదలైన పిల్లల్లో 45 రోజుల దాకా కూడా పోవచ్చు. ఆవకాయ బూజు పట్టేది తడి చెయ్యి తగిలి. కుక్క ప్రశ్న నాకు ఇష్టం. కుక్కకు రక్తం వచ్చేది అది ఎదకు వచ్చే ముందు, పొర ఊడి కాదు. మనుషులు, కోతుల్లో కొన్ని, గబ్బిలాల్లో కొన్ని, ఇలా చాలా తక్కువ జంతువులకే నిజంగా నెలసరి ఉంది. గబ్బిలం అనగానే తరగతి మొత్తం సిగ్గు మర్చిపోయి ప్రశ్నలు వేస్తుంది.

ఒక తండ్రి వచ్చి గొడవ పడ్డాడు, మా అబ్బాయిని పాడుచేస్తున్నారని. కూర్చోబెట్టి అదే కొలజాడీ, అదే ప్యాడ్ చూపించాను. "నాకూ ఇప్పుడే తెలిసింది మాస్టారూ" అన్నాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు.

రవి (రీడింగ్, ఇంగ్లండ్)

ఇక్కడ 2020 సెప్టెంబరు నుంచి ఆరోగ్య విద్య తప్పనిసరి చేశారు. అందులో ప్రైమరీ స్కూల్లోనే అబ్బాయిలకూ అమ్మాయిలకూ నెలసరి గురించి చెబుతారు. లైంగిక విద్య పాఠం వద్దని ప్రైమరీలో తల్లిదండ్రులు చెప్పొచ్చు గానీ, ఈ ఆరోగ్య పాఠం నుంచి తప్పించడానికి లేదు. ఈ పాఠం గురించి బడి నుంచి ఉత్తరం వచ్చిన రోజు మా తెలుగువాళ్ల గ్రూపులో పెద్ద చర్చ. ఆ రోజు జ్వరమని చెప్పి పిల్లల్ని మాన్పించేద్దామన్నారు కొందరు.

మావాడు గర్భాశయం బొమ్మకు పేర్లు రాసిన కాగితం పట్టుకొచ్చాడు. గుంటూరు నుంచి మా నాన్న వీడియో కాల్‌లో ఉంటే ఆ కాగితం చూపించి మొత్తం వివరించాడు. నేను ఆపబోయాను, నాన్నే "చెప్పనీ" అన్నారు. మా అమ్మ ఆ వెనకే మంచం మీద కూర్చుని ఉంది. అంతా విని, "మా ఇంట్లో ఈ మాట మగాడి నోట ఇదే మొదటిసారి వినడం" అంది.

భాస్కర్ (బరంపురం)

ఒడిశాలో ఉండే తెలుగువాళ్లం. జూన్ మధ్యలో ఇక్కడ రజ పండగ వస్తుంది. భూమితల్లి మూడు రోజులు నెలసరిలో ఉంటుందని నమ్మకం. ఆ మూడు రోజులూ నాగలి పట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, పోడ పిఠా తింటారు. నాలుగో రోజు భూమికి స్నానం. చిన్నప్పుడు మా పక్కింటి ఒడియా స్నేహితుడు నాకు ఇదంతా చెప్పాడు, సిగ్గేమీ పడకుండా. ఇంటికొచ్చి భూమికి కూడా వస్తుందట అంటే మా అమ్మ కంగారుపడి నోరు మూసింది. అలాగని ఒడియా ఇళ్లలో ఆడవాళ్లకు ఆంక్షలు లేవని కాదు, ఉన్నాయి. పిల్లలకు మాత్రం ఆ సంగతి ఉయ్యాలతో, పిండివంటతో మొదట తెలుస్తుంది.

సుధ (కాకినాడ)

అందరికీ చాలా థాంక్స్. నిన్న చెప్పాను. ప్రత్యూష గారి మాటలే చెప్పాను, మావారిని కూడా పక్కన కూర్చోబెట్టాను. బాబు అంతా విని "నొప్పి ఉంటుందా? నాకెప్పుడు వస్తుంది?" అని అడిగాడు. అబ్బాయిలకు గర్భసంచి ఉండదు, రాదు అంటే కాస్త నిరాశపడ్డాడు కూడా. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "మరి ఆ రోజు నువ్వు దేవుడి గదిలోకి ఎందుకు రాలేదు? జబ్బు కాదన్నావుగా?" మావారూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఏం చెప్పను?

శారదమ్మ (రాజమండ్రి)

అది మన ఇంటి ఆచారం నాన్నా అని చెప్పు. నిజమే కదా.

ఆర్మూర్ ఆడబిడ్డ

ఆచారమని చెప్పండి, దాంతో పాటు అమ్మ మురికి కాదని కూడా చెప్పండి. ఆ రెండో మాట చెప్పకపోతే మొదటి దాన్నుంచి వాడే ఏదో అర్థం తీసుకుంటాడు. నేనైతే మా ఇంట్లో ఆ ఆచారమే తీసేశాను, దీపం నేనే పెడతాను. మీ ఇంటి సంగతి మీరే తేల్చుకోవాలి. ఏ నిర్ణయమైనా పిల్లాడి ముందు మాట్లాడుకుని తీసుకోండి.

రామచంద్రం (తెనాలి)

శారదమ్మ గారూ, ఆచారమని చెబితే సరిపోతుందని నేనూ ఒకప్పుడు అనేవాణ్నేమో. ఆ వసారాలో కూర్చున్న పిల్లాణ్ని కాబట్టి ఇప్పుడు అనలేను. మీతో వాదం కాదు, నాకు అనిపించింది చెప్పాను.

శారదమ్మ (రాజమండ్రి)

మీరు చెప్పింది విన్నాను. దేవుడి గది విషయంలో నా మాట మారదు. మా మనవడికి పన్నెండేళ్లు. వాడికి వాళ్లమ్మ చెబుతానంటే నేను అడ్డురాను.

రాయచోటి నాన్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇన్ని రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు అడగాల్సి వచ్చింది. మా ఆవిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. పాప ఆరో తరగతి, బాబు తొమ్మిదో తరగతి. ఇంట్లో ఆడవాళ్లు ఎవరూ లేరు, మా అమ్మ కూడా పోయింది. పాపకు ఎప్పుడైనా రావచ్చు. ఫోన్లో వాళ్లమ్మ పాపకు చెప్పింది గానీ, అది వచ్చే పూట నేను ఆటో మీద ఉంటాను. ఇంట్లో ఉండేది బాబే. వాడికి ఏం చెప్పాలి? నేనే చెప్పాలా? అంగడికి పోయి ఏం తేవాలో కూడా నాకు సరిగ్గా తెలియదు.

ప్రత్యూష, స్టాఫ్ నర్సు (విశాఖ)

అన్నా, మీరే చెప్పండి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి, అప్పుడు అన్నకు తెలుసని పాపకు కూడా తెలుస్తుంది. ఇబ్బందిగా ఉంటే మీ వీధి ఆశా కార్యకర్తను ఇంటికి పిలవండి, బాబును బయటికి పంపకండి. బాబుకు చెప్పాల్సినవి: ప్యాడ్లు ఏ అరలో ఉన్నాయో, చెల్లి పిలిస్తే తలుపు దగ్గర అందించాలని, వాడినది పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయాలి గానీ మరుగుదొడ్లో వేయకూడదని. నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి. పొత్తికడుపు నొప్పికి వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. మొదటి ఏడాది రెండేళ్లు తేదీలు తప్పుతాయి, కంగారు పడకండి. ప్యాడ్ గంటకే తడిసిపోతున్నా, వారం దాటినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చెల్లికి మొదటిసారి వచ్చినప్పుడు ఏం చేయాలో బాబుతో ఒకసారి పైకే చెప్పించుకోండి.

రాయచోటి నాన్న

సరే అక్కా. ఈ ఆదివారం చెబుతాను. అంగడిలో ఏమని అడగాలి?

శీను మెడికల్స్ (వరంగల్)

అన్నా, "పాప కోసం ప్యాడ్స్, కొత్తగా వాడబోతోంది" అని అడుగు, చాలు. చిన్నపిల్ల కాబట్టి మొదట మామూలు సైజు, రెక్కలున్నవి తీసుకో. రెక్కలుంటే పక్కకు జరగవు. రాత్రికి పొడవైనవి, ఎక్సెల్ అని ఉంటయి, అవి ఒక చిన్న ప్యాకెట్. సువాసనవి వద్దు, కొందరు పిల్లలకు దురద పెడతయి. రెండు ప్యాకెట్లు ఇంట్లో, ఒక్క ప్యాడ్ ఒక జత లోదుస్తులతో కలిపి పాప బడి సంచిలో. రెండోసారి కొనేటప్పుడు బాబును కూడా తీసుకుపో, వాణ్నే అడగమను.